బ్రేకు లైటుకు బొట్టు

బండి నడిపే ఆడమనిషికి బొంబాయి రోడ్డు మీద ఎదురుపడే ప్రతి మగవాడూ గురువే. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా అడక్కుండా నాకు డ్రైవింగ్ నేర్పినవాళ్లందరినీ పోగేస్తే ఒక బడి పెట్టొచ్చు. అందుకే ఆ రోజు రుద్రారం దగ్గర ఒక ఆటో అతను నా పక్కకొచ్చి, "అక్కా, బ్రేకు మీదికెల్లి కాలు తియ్యి" అని అరిస్తే నాకు ఒళ్లు మండింది. నా కాలు బ్రేకు మీద లేదు. "నీ కాలు నువ్వు సూస్కో" అని అరిచి ముందుకు పోయాను.

ఇస్నాపూర్ దాటేలోపు మరో ఇద్దరు అదే మాట చెప్పారు. వాళ్లనూ వదల్లేదు. కంపెనీలో బండి ఆపి, తాళం తీసి దిగాక, బీహారు నుంచి వచ్చి మా గేటు దగ్గర పనిచేసే సెక్యూరిటీ అతను మెల్లిగా, "మేడమ్, పీఛే లైట్ జల్ రహా హై" అన్నాడు. వెనక్కి వెళ్లి చూశాను. తాళంచెవి నా చేతిలో ఉంది, బండిలో ఎవరూ లేరు, అయినా బ్రేకు లైట్లు రెండూ పెళ్లివారిల్లులా వెలుగుతున్నాయి. ఆటో అతనికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పైకి చెప్పే అలవాటు నాకు లేదు.

నేను మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. తయారైన మందును పరీక్ష చేసి, సరిగా ఉంటే సంతకం పెట్టే ఉద్యోగం. మాకు ఒక నియమం ఉంది. అంకె తేడా వచ్చిందంటే, ఎందుకు వచ్చిందో తేల్చాలి. అది తేలకుండా ఆ అంకెను కొట్టేయకూడదు, దాచకూడదు, మంచి అంకె వచ్చేదాకా పరీక్ష మళ్లీ మళ్లీ చేయకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఇది నేర్పేది నేనే. కాస్త గట్టిగానే నేర్పుతాను. క్యాంటీన్‌లో నాకు ఏ పేరు పెట్టారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇక ఇంటి సంగతి. సంగారెడ్డి బజారులో మా ఆయనది పప్పుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో ఆయన, నేను, మా అత్తమ్మ. పాత కారు ఒకటి కొందామని నేను రెండేళ్లు పోరితే, ఆయన ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఎవరో వాడి ఇడిసిన బండి. ఒక్కసారి సతాయించిందంటే అమ్మేస్త. నువ్వు మళ్లా కంపెనీ బస్సుల పోవాలె."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. సతాయించిన ఫ్రిజ్‌నూ, సతాయించిన గుమాస్తానూ ఒకే వారంలో సాగనంపిన చరిత్ర ఉంది. ఆ కంపెనీ బస్సులో నేను పదేళ్లు తిరిగాను. చక్రం మీది సీటు, పక్కనామె కూతురికి తప్పిపోయిన సంబంధాల జాబితా, ఊరూరా ఆగుడు. దిగేసరికి నడుము ఒక పక్కకు ఒరిగేది. కారులో పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట నన్నెవరూ ఏమీ అడగరు. రిపోర్టు ఎప్పుడిస్తావని గానీ, రాత్రికి కూరేమిటని గానీ అడగరు. తిరుగు ప్రయాణంలో కంది దగ్గర ఆగి నాలుగు మిరపకాయ బజ్జీలు ఒక్కదాన్నే తినేదాన్ని. రాని పాటలు గొంతెత్తి పాడుకునేదాన్ని. ఆ గంటన్నర నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, చెబితే అందులోనూ ఎవరైనా వచ్చి కూర్చుంటారని భయం.

అందుకని బ్రేకు లైట్ల సంగతి ఇంటిదాకా పోకూడదనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు చున్నీ నడుముకు బిగించి, స్టీరింగ్ కిందికి తల దూర్చాను. సెక్యూరిటీ అతను ఫోను లైటు పట్టాడు. బ్రేకు పెడల్ కింద తెల్లటి పెళుసు ముక్కలు కనిపించాయి. అత్తమ్మ తిన్న సకినాల ముక్కలనుకుని నలిపి చూశాను. ప్లాస్టిక్. తల ఎత్తి చూస్తే కథంతా అక్కడే ఉంది. పెడల్ పైన చిన్న స్విచ్, దానికి ఒక ముక్కు. పెడల్ పైకి లేచి ఉన్నప్పుడు ఆ ముక్కును నొక్కి ఉంచుతుంది, లైట్లు ఆరి ఉంటాయి. కాలు వేస్తే పెడల్ కిందికి పోతుంది, ముక్కు బయటికొస్తుంది, లైట్లు వెలుగుతాయి. ముక్కును నొక్కాల్సిన చోట పెడల్‌కు ఒక రంధ్రం, ఆ రంధ్రంలో ఒక చిన్న బిళ్ల ఉండాలి. ఆ బిళ్ల విరిగి రాలిపోయింది. ముక్కు కాస్తా రంధ్రంలోంచి దూరి, హాయిగా బయటికొచ్చి కూర్చుంది. నేను ఎప్పుడూ బ్రేకు తొక్కే ఉన్నానని బండి అనుకుంటోంది.

ఆ రంధ్రానికి సరిపోయే బిళ్ల కోసం నేను దూరం పోలేదు. పరీక్ష అయిపోయాక చెత్తలో వేసే ఇంజక్షన్ సీసాల రబ్బరు మూతలు ల్యాబులో దండిగా ఉంటాయి. ఒకటి కడిగి, రంధ్రంలో కూరి బిగించాను. లైట్లు ఆరాయి. కాలు పెడితే వెలిగాయి, తీస్తే ఆరాయి. సెక్యూరిటీ అతను చప్పట్లు కొట్టాడు. మెకానిక్కు మొహం చూడకుండా బండి బాగుచేశానని ఆ వారమంతా గాలిలో తేలాను. నా కొంప ముంచింది అదే.

నెల తిరక్కముందే మీటరు దగ్గర ఎర్రలైటు వచ్చింది. సున్న, సున్నలో ఒక ఆశ్చర్యార్థకం. అది బ్రేకు గురించని నాకు తెలుసు. మొదట మలుపుల్లో మాత్రం మిణుకుమనేది, బండి తిన్నగా పోతుంటే ఆరిపోయేది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దింపకపోయినా ఆ లైటు వస్తుంది కాబట్టి, దాన్ని ఎత్తి దించాను. నాలుగుసార్లు ఎత్తి దించాను. లైటు ఆరలేదు. అయితే హ్యాండ్ బ్రేక్ కింది స్విచ్ పాడై ఉంటుందని నేనే తీర్పు చెప్పేశాను. నిన్నగాక మొన్న ఒక స్విచ్‌ను జయించిన దాన్ని, నాకు ఎదురేముంది. బానెట్ ఎత్తి ఒక్కసారి చూసి ఉంటే అయిపోయేది. ఎత్తలేదు.

గురువారానికి లైటు ఆరకుండా నిలిచిపోయింది. శుక్రవారం సాయంత్రం ఒక పెళ్లికి మా ఆయనే బండి నడుపుతానన్నాడు. ఎర్రలైటు చూశాడంటే శనివారం పొద్దున బండి ఉండదు, సోమవారం నేను చక్రం మీది సీటులో ఉంటాను.

మా ఇంట్లో చేతులు కడుక్కునే చోట ఒక అద్దం ఉంది. ఆడవాళ్లున్న ఏ ఇంటి అద్దమైనా ఎట్లా ఉంటుందో అదీ అట్లాగే ఉంటుంది, నిండా బొట్టుబిళ్లలు. మొహం కడుక్కునేటప్పుడు తీసి అంటిస్తాం, మళ్లీ పెట్టుకుంటాం, మరిచిపోతాం. అందులోంచి పెద్దది, మెరూన్ రంగుది ఒకటి గిల్లుకుని కిందికి పోయి, మీటరు అద్దం మీద సరిగ్గా ఎర్రలైటు ఎదురుగా అంటించాను. డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. లైటు మాయం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను బండి కన్ను మూశాను, పిల్లి కన్నా ఒక మెట్టు పైనే.

సాయంత్రం ఆయన స్టీరింగ్ ముందు, అత్తమ్మ ఆయన పక్కన, నేను వెనక. పోతిరెడ్డిపల్లి చౌరస్తా రాకముందే ఆయన అడగనే అడిగాడు.

"గిదేంది, మీటరు మీద బొట్టు?"

ఏదో ఒకటి అనబోయాను. ఈలోగా అత్తమ్మ, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"నేనే పెట్టిన. ఇయ్యాల శుక్రారం గాదు?"

నాకు నవ్వొచ్చింది. అత్తమ్మ శుక్రవారం నాడు కదలకుండా నిలబడిన ప్రతి వస్తువుకూ బొట్టు పెడుతుంది. గల్లాపెట్టె, కాంటా, పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను ఇంకాస్త ఆలస్యంగా కదిలి ఉంటే అతనికీ పెట్టేదే. ఇన్నింటిలో దేనికి పెట్టిందో, దేనికి పెట్టలేదో పాపం ఆమెకే గుర్తు లేదనుకున్నాను. దేవుడు నా పక్కన ఉన్నాడనుకున్నాను.

"బ్రేకు జెర కిందికి పోతున్నట్టున్నదే" అన్నాడాయన తిరుగు దారిలో.

"అలవాటు లేనోళ్లకు గట్లనే అనిపిస్తది" అన్నాను. ఆయన నొచ్చుకుని గేరు మార్చాడు.

ఆ తర్వాత రెండు వారాలు ఏ చింతా లేకుండా బండి నడిపాను. ప్రతి శుక్రవారం అత్తమ్మ పళ్లెం పట్టుకొచ్చి, ఆ బొట్టుబిళ్ల మీద ఇంత కుంకుమ కూడా అద్దేది. నేను చేతులు జోడించేదాన్ని. ల్యాబులో మాత్రం నా నియమం నియమమే. ఆ రోజుల్లోనే ఒక కొత్తమ్మాయి తేడా వచ్చిన అంకెను పక్కనపెట్టి ఇంకోటి రాసుకుంటే, నిలబెట్టి అరగంట కడిగేశాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు తలచుకుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

ఆదివారాలు అత్తమ్మవి. ఆమె అక్క కర్దనూర్‌లో ఉంటుంది. కారు రాకముందు, కొడుకును పది సార్లు అడిగితే, మూడు నెలలకొకసారి, నిట్టూరుస్తూ తీసుకుపోయేవాడు. కారు వచ్చాక ప్రతి ఆదివారం నేనే తీసుకుపోతున్నాను. ఆ రోజు అత్తమ్మ పొద్దున్నే సర్వపిండి కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, నా పక్క సీట్లో ఎక్కి కూర్చునేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక మంచం మీద పడుకుని సాయంత్రం దాకా ఏం మాట్లాడుకునేవాళ్లో తెలియదు గానీ, వచ్చేటప్పుడు ఆమె మొహం కడిగిన గ్లాసులా ఉండేది.

ఆ మూడో ఆదివారం పటాన్‌చెరు దాటి కర్దనూర్ దారి పట్టాం. పెడల్ రోజురోజుకూ మెత్తబడుతోందని నా కాలికి తెలుస్తూనే ఉంది, నేనే వినలేదు. మా ముందు ఒక ట్రాలీ ఆటో పోతోంది. ఎవరో, కొల్లూరులో సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి సామాను మారుస్తున్నట్టున్నారు. మంచాలు, బిందెలు, కూలర్, అన్నిటికీ వెనక తాళ్లతో కట్టిన బీరువా. బీరువా నిలువుటద్దం మా వైపే ఉంది. అందులో మా బండి మాకే ఎదురొస్తోంది.

గుంత చూసి ఆటో ఆగింది. నేను బ్రేకు తొక్కాను. పెడల్ అడుగుదాకా జారిపోయింది. ఏమీ అడ్డురానట్టు, బురదలో కాలేసినట్టు జారింది. బండి ఆగలేదు. మళ్లీ తొక్కాను. అద్దంలో మా బండి పెద్దదవుతోంది, అందులో నోళ్లు తెరిచిన రెండు మొహాలు. అప్పుడు నా పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి, హ్యాండ్ బ్రేక్ పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు పైకి లాగింది. బండి కిర్రుమని, కొంచెం పక్కకు తిరిగి, ఆగింది.

బీరువాకూ మాకూ మధ్య జానెడు దూరం. ఆటో అతనికి ఏమీ తెలియలేదు, గుంత దాటి వెళ్లిపోయాడు. ఆ అద్దం మీద మూలకు ఎవరివో నాలుగు బొట్టుబిళ్లలు అంటించి ఉండటం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

అత్తమ్మ ఒళ్లో జారిన డబ్బా సర్దుకుంది. తర్వాత ముందుకు వంగి, మీటరు మీది బొట్టుబిళ్లను గోటితో తీసింది. ఎర్రలైటు మమ్మల్నిద్దరినీ చూసింది. ఆమె ఆ బిళ్లకున్న కుంకుమను చీర కొంగుకు తుడిచి, నుదుటి మీద ఉన్న చిన్నదాన్ని తీసేసి, దీన్ని పెట్టుకుంది.

"ఇది నాది. అద్దం మీదికెల్లి పోయిన్నాడే ఎరుక" అంది.

నా చూపు ఎర్రలైటు మీదికి పోయింది.

"నీ దిక్కు కెల్లి కనబడదు గని, నా దిక్కు కెల్లి ఆ లైటు సక్కగ కనబడుతది. ఎక్కినప్పుడల్లా సూస్తనే ఉన్న."

"మరి చెప్పలేదేంది అత్తమ్మా?"

"చెప్తే బండి పోతది గద." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మా అక్కకు డెబ్బయి దాటినయ్. మూడు నెలలకొక్కపారి పోతే ఎన్నిసార్లు సూస్త?"

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఆమె గుడ్డిగా కుంకుమ అద్దుతోందని నేను నవ్వుకున్నాను. ఆమె మాత్రం బ్రేకు లేని బండని తెలిసి, ప్రతి ఆదివారం నా పక్కన, హ్యాండ్ బ్రేక్ పక్కన, కూర్చుంది. అది ఎట్లా లాగాలో నేను బండి ఆపినప్పుడల్లా చూసి నేర్చుకుందట. అంటే నా గంటన్నర కోసం నేను ఆమె ప్రాణం మీదికి తెచ్చాను, ఆమె తన ఆదివారం కోసం నా ప్రాణం మీదికి తెచ్చింది. ఇద్దరం దొంగలమే. కాకపోతే ఆమె నాకంటే ముందుచూపున్న దొంగ.

ఫోను చేస్తే పటాన్‌చెరు నుంచి ఒక మెకానిక్ బైకు మీద వచ్చాడు. అతను వచ్చేదాకా రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో కూర్చుని, అక్క కోసం తెచ్చిన సర్వపిండి మేమే తిన్నాం. మెకానిక్ బానెట్ ఎత్తి, ఒక తెల్ల డబ్బా చూపించాడు. దాని మీద పై గీత, కింది గీత ఉన్నాయి. బ్రేకు ఆయిల్ కింది గీతకు ఇంకా కింద, అడుగున ఉంది. తర్వాత వెనక ఎడమ చక్రం విప్పాడు. లోపలంతా తడి.

"లైటు ఎన్నడొచ్చింది మేడమ్?"

"గిప్పుడే వచ్చింది బిడ్డా" అంది అత్తమ్మ తడుముకోకుండా.

"మూడు వారాలైంది" అన్నాను.

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మలుపుల మిణుకుమన్నప్పుడే సూడాలె. ఆయిల్ తక్కువుంటే బండి ఒరిగినప్పుడు అటు ఇటు ఊగుతది, లైటొస్తది. కొందరు ఇంత ఆయిల్ పోసి, లైటు ఆరింది గద అని పోతరు. గట్ల గాదు. ఆయిల్ యాడికి పోయిందో ఫస్టు తెలుసుకోవాలె."

కారణం తేలకుండా అంకెను కొట్టేయొద్దు. ల్యాబులో నేను చెప్పే మాటే, చేతులకు మసి అంటుకున్న మనిషి రోడ్డు మీద నాకు చెబుతున్నాడు. తల వంచుకుని విన్నాను. పెడల్ దగ్గర రబ్బరు మూత చూసి, "గిదెవరు పెట్టిండ్రు? మస్తు దిమాక్" అని మెచ్చుకున్నాడు కూడా. ఇంకో రోజైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

బండినీ ఒక తాళంచెవినీ అతని దగ్గరే వదిలి, రెండో తాళంచెవి పట్టుకుని బస్సులో సంగారెడ్డి చేరాం. దుకాణంలో ఆయన ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు. గిరాకీ పోయేదాకా నిలబడి, మొత్తం చెప్పాను. లైటు, బొట్టు, బీరువా, జానెడు దూరం. ఏమీ దాచలేదు. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"తాళంచెవి ఇటు తే" అన్నాడు.

ఇచ్చాను. మళ్లీ పదేళ్లు బస్సే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో బీరువా అద్దంలో మమ్మల్ని చూసినప్పటి కన్నా ఎక్కువ భయమేసింది. అప్పుడు అత్తమ్మ కాంటా మీద చెయ్యి వేసింది.

"పోయినేడు ఈ కాంటా తప్పు సూపెట్టింది. అమ్మినవా, బాగు చేపిచ్చినవా?"

"బాగు చేపిచ్చిన" అన్నాడు. "గని నేను అంకె మీద బొట్టు పెట్టి పప్పు అమ్మలేదు గదమ్మా."

అత్తమ్మ కాంటా మీది చెయ్యి తీసి ఒక అడుగు వెనక్కి వేసింది. నేనెప్పుడూ చూడని దృశ్యం. ఆ మాట ఆమెకన్నా నాకు ఎక్కువ తగిలింది, చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. అయినా నాకూ కడుపులో మంట ఉంది, అది కూడా చెప్పేశాను.

"కాంటా తప్పు సూపెట్టినప్పుడు మిమ్మల్ని దుకాణం బందు చేయుమని ఎవరన్నరా? లైటొచ్చిందని చెప్తే బస్సుల పొమ్మంటరు. గందుకే దాచిన. తప్పు నాదే, గని గా మాట గూడ యాద్ పెట్టుకోండ్రి."

ఆయన చాలాసేపు తాళంచెవిని చేతిలో తిప్పాడు. ఎవరో వచ్చి శెనగపప్పు అడిగితే తూచి ఇచ్చాడు. తర్వాత తాళంచెవిని కాంటా పళ్లెంలో పెట్టి నా వైపు జరిపాడు.

"లైటొస్తే అదే రోజు చెప్పాలె. నేను బస్సు మాట అనను."

ఇప్పుడు శుక్రవారం పూజలో బండి వంతు కొంచెం పొడుగు. అత్తమ్మ బానెట్‌కే బొట్టు పెడుతుంది, మీటరు జోలికి పోదు. తాళం తిప్పమంటుంది. ఎర్రలైటు ఒకసారి వెలిగి, బండి స్టార్ట్ అయ్యాక ఆరిపోతే, అప్పుడే దండం పెడుతుంది. తర్వాత నన్ను బ్రేకు తొక్కమని, తను వెనక్కి వెళ్లి నిలబడుతుంది. నడిపే మనిషికి బ్రేకు లైట్లు కనబడవు కాబట్టి వెనక ఒకరుండి చెప్పాలి.

"రెండు మంచిగ వెలుగుతున్నయ్" అని అరుస్తుంది.

శుక్రవారం నాడు ఆమె మాట నమ్ముతాను. ఆదివారం, సర్వపిండి డబ్బా చేతిలో పట్టుకుని చెబితే మాత్రం నమ్మను. బండిని దుకాణం షట్టరు దాకా వెనక్కి తీసుకుపోయి, బ్రేకు తొక్కి, షట్టరు మీద ఎర్ర వెలుగు రెండు చోట్లా పడుతోందో లేదో అద్దంలో నేనే చూసుకుంటాను.